డిస్కు పోయినా పని ఆగకూడదంటే: చిన్న నాస్‌కు రెయిడ్ ఎంచుకునే పద్ధతి

మే నెల, శనివారం, రాత్రి తొమ్మిది దాటింది. మిర్యాలగూడలో ఫోటో స్టూడియో నడిపే తమ్ముడి లాంటి దోస్తు ఫోన్ చేశాడు. “అన్నా, డబ్బా గంట నుంచి బీప్ బీప్ అని మొత్తుకుంటుంది. మూడో లైటు ఎర్రగైంది. ఏం జేయాలె?” అతనిది నాలుగు డిస్కుల నాస్, అంటే నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డబ్బా. అందులో రెయిడ్ 5 పెట్టి ఉంది, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి. ఒక డిస్కు పోయింది. అయినా ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి, పెండ్లి వీడియోల ఎడిటింగ్ నడుస్తూనే ఉంది. రెయిడ్ తన పని తాను చేసింది.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. అలాంటి డిస్కు మిర్యాలగూడలో దొరకలేదు, నల్లగొండలోనూ దొరకలేదు. తెల్లారితే ఆదివారం, సికింద్రాబాద్‌లో మేం కొనే దుకాణం బంద్. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే బుధవారం మధ్యాహ్నం చేతికొచ్చింది. దాన్ని బిగించాక డేటా మళ్లీ నిండడానికి ఇంకో పదకొండు గంటలు. అంటే నాలుగు రోజుల పైన ఆ డబ్బా ఏ రక్షణా లేకుండా నడిచింది. ఆ మధ్యలో ఇంకొక్క డిస్కు మొరాయిస్తే ఆ సీజన్ పెండ్లిళ్లన్నీ పోయేవే. పోలేదు. కానీ ఆ నాలుగు రాత్రులు అతను నిద్రపోలేదు, నాకూ టెన్షనే.

అప్పటి నుంచి నాస్ గురించి ఎవరు అడిగినా నేను మొదట అడిగేది ఒకటే. డిస్కు పోతే కొత్తది నీ చేతికి ఎన్ని రోజుల్లో వస్తుంది? హైదరాబాద్‌లో కూర్చుని రాసే సలహాల్లో ఈ ప్రశ్న ఉండదు. వాళ్లకు దుకాణం అరగంట దూరం. మనకు వంద కిలోమీటర్లు, మధ్యలో ఒక ఆదివారం.

అడుగు 1: రెయిడ్ ఏం చేయదో ముందు తెలుసుకోండి

చాలా డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఈ ఆలోచనకు రెయిడ్ అని పేరు పెట్టింది 1987లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అనే ముగ్గురు. ఖరీదైన ఒక పెద్ద డిస్కు కంటే చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపితే మేలని వాళ్ల వాదన. అలా కలిపినప్పుడు ఏదో ఒకటి పోవడం ఖాయం కాబట్టి, పోయినా తట్టుకునే ఏర్పాటు కూడా చెప్పారు.

తట్టుకునేది డిస్కు పోవడాన్ని మాత్రమే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వస్తే అన్నిట్లోనూ తాళం పడుతుంది. దొంగ ఎత్తుకుపోతే డబ్బా మొత్తం పోతుంది. రెయిడ్ అంటే బండికి స్టెప్నీ. పంచరైతే ఊరు చేరుస్తుంది, బండి చెరువులో పడితే పనికిరాదు. బ్యాకప్ వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అడుగు 2: మీ డేటా ఎంతో కాగితం మీద లెక్కేయండి

సెకనుకు వంద మెగాబిట్ల 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు తలా నాలుగు గంటలు రికార్డు చేస్తే 360 జీబీ. దానికి మూడు వేల రా ఫోటోలు (కెమెరా తీసింది తీసినట్టే ఉండే పెద్ద ఫైళ్లు) కలిపితే ఇంకో 80, 90 జీబీ. అంటే ఒక్క పెండ్లికి అటూ ఇటూగా 450 జీబీ. ఆల్బమ్ ఇచ్చేసిన పెండ్లి రా వీడియో ఎన్నాళ్లు ఉంచుతారు? ఈ ఒక్క నిర్ణయం మీదే ఎన్ని డిస్కులు కొనాలన్నది ఆధారపడుతుంది. నా మాటైతే, ఆరు నెలల తర్వాత రా ఫుటేజీ నాస్‌లో ఉండక్కర్లేదు.

ఇక మహబూబ్‌నగర్‌లో టాక్స్ ప్రాక్టీస్ చేసే ఒక సార్ ఆఫీసుకు వెళ్తే, పదేళ్ల ట్యాలీ డేటా, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ కలిపినా 400 జీబీ దాటలేదు. ఆయనకు ఎవరో నాలుగు బేల (డిస్కులు పెట్టే అరల) డబ్బా, 32 టీబీ డిస్కులు కొటేషన్ ఇచ్చారు. ఇల్లు కట్టేవాడికి ఫంక్షన్ హాల్ ప్లాన్ ఇచ్చినట్టుంది.

ఒక చిన్న సంగతి. 4 టీబీ డిస్కు బిగిస్తే తెర మీద 3.63 అనే కనిపిస్తుంది. దుకాణంవాడు మోసం చేయలేదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, సాఫ్ట్‌వేర్ 1024 లెక్కన కొలుస్తుంది. ఆ వచ్చినదాంట్లోనూ ఎనభై శాతం వరకే నింపుకుంటామని అనుకుని కొనండి.

అడుగు 3: బేలను బట్టి పద్ధతి

రెండు బేల డబ్బా అయితే పెద్దగా ఆలోచించాల్సింది లేదు. రెయిడ్ 1, అంటే అద్దం. ఒక డిస్కులో రాసిందే రెండో దాంట్లోనూ రాస్తుంది. రెండు 4 టీబీలు పెడితే వాడుకునేది 4. సగం పోయిందని బాధపడి కొందరు రెయిడ్ 0 పెట్టుకుంటారు, స్థలం రెండింతలు, వేగం ఎక్కువ అని. అందులో ఏ ఒక్క డిస్కు పోయినా మొత్తం పోతుంది. ఒక్క డిస్కు కంటే అపాయం ఎక్కువ. దాని పేరులో సున్నా ఉన్నది ఊరికే కాదు.

రెయిడ్ 1లో నాకు నచ్చేది ఇంకోటుంది. మిగిలిన డిస్కులో డేటా పూర్తిగా ఉంటుంది. డబ్బా బోర్డే కాలిపోయినా, ఆ డిస్కును లైనక్స్ ఉన్న కంప్యూటర్‌కు తగిలించి చాలా సందర్భాల్లో ఫైళ్లు బయటికి తీయొచ్చు. నాలుగు డిస్కుల పారిటీతో అంత సులువు కాదు.

నాలుగు బేలు ఉంటేనే అసలు తర్జనభర్జన. ముందు పారిటీ అంటే ఏమిటో చూద్దాం. మూడు డిస్కుల్లో ఒకే చోట ఈ అంకెలు ఉన్నాయనుకోండి.

మొదటి డిస్కు: 1 0 1 1
రెండో డిస్కు: 0 0 1 0
మూడో డిస్కు: 1 1 0 0
పారిటీ: 0 1 0 1

నిలువుగా చూడండి. ఒక వరుసలో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే పారిటీ 0, బేసిసంఖ్యలో ఉంటే 1. ఇప్పుడు రెండో డిస్కును వేలితో మూసేయండి. మొదటి నిలువు వరుసలో మిగిలినవి 1, 1, పారిటీ 0. ఒకట్లు ఇప్పటికే సరిసంఖ్య, కాబట్టి పోయిన అంకె 0. మూడో వరుసలో 1, 0, పారిటీ 0. ఒకట్లు బేసి, కాబట్టి పోయింది 1. ఇలా నాలుగూ తీస్తే 0 0 1 0 వచ్చేస్తుంది. పోయిన డేటాను కొత్త డిస్కులో మళ్లీ నింపడాన్ని రీబిల్డ్ అంటారు. అప్పుడు డబ్బా లోపల జరిగేది ఈ లెక్కే, కోట్ల కోట్ల సార్లు.

నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వర గుడి చూసినవాళ్లకు ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. అక్కడ గర్భగుడిలో పడే స్తంభం నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదని, బయట ఉన్న స్తంభాలన్నీ కలిసి వేసేదని చెప్తారు. పారిటీ కూడా ఏ ఒక్క డిస్కుకూ నకలు కాదు, అన్నీ కలిసి వేసిన నీడ. అందుకే పోయినదాన్ని తిరిగి తీయాలంటే మిగిలిన డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే తర్వాత చెప్పేదంతా దాని నుంచే వస్తుంది.

నాలుగు 4 టీబీ డిస్కులతో లెక్క ఇలా ఉంటుంది. రెయిడ్ 5లో ఒక డిస్కంత చోటు పారిటీకి పోయి 12 టీబీ మిగులుతుంది, ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది. రెయిడ్ 6లో రెండు డిస్కులంత చోటు పోయి 8 మిగులుతుంది, ఏ రెండు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 10 అంటే రెండు అద్దాల జతలు. దాంట్లోనూ 8 టీబీయే. ఒకటి పోయాక మిగిలిన మూడింట్లో దాని జత డిస్కు పోతే మాత్రం కథ ముగుస్తుంది, మిగతా రెండింట్లో ఏది పోయినా నడుస్తుంది.

స్థలం ఒకటే అయినప్పుడు రెయిడ్ 6 మేలు కదా అనిపిస్తుంది. భద్రత వరకు అవును. కానీ రెయిడ్ 10లో రీబిల్డ్ అంటే ఒక డిస్కును ఇంకో డిస్కులోకి నకలు తీయడమే. మిగతా జత మీద భారం పడదు, త్వరగా అయిపోతుంది. చిన్న ప్రాసెసర్ ఉన్న డబ్బాల్లో రాసే వేగం కూడా బాగుంటుంది. ముగ్గురు ఎడిటర్లు ఒకేసారి నాస్ మీదే పని చేసే స్టూడియోకు నేను రెయిడ్ 10 చెప్తాను. ఫైళ్లు దాచుకోవడానికే అయితే రెయిడ్ 6.

కొందరు మూడు డిస్కులతో రెయిడ్ 5 పెట్టి, నాలుగో దాన్ని హాట్ స్పేర్‌గా, అంటే ఏదైనా పోతే వెంటనే దాని స్థానంలోకి వచ్చేలా, ఊరికే ఉంచుతారు. అప్పుడు కూడా వచ్చేది 8 టీబీయే. నాలుగో డిస్కు తిరుగుతూ, అరుగుతూ, డేటాకు మాత్రం రక్షణ ఇవ్వకుండా కూర్చుంటుంది. అదే నాలుగుతో రెయిడ్ 6 పెడితే ఆ డిస్కు మొదటి రోజు నుంచే పనిలో ఉంటుంది.

డిస్కులు ఒకే సైజువి కానప్పుడు సినాలజీ కంపెనీ నాస్ డబ్బాల్లో ఉండే ఎస్‌హెచ్‌ఆర్ అనే రెయిడ్ పద్ధతి పనికొస్తుంది. రెండు 4 టీబీలు, రెండు 8 టీబీలు ఉన్నాయనుకోండి. మామూలు రెయిడ్ 5 అన్నిటినీ 4గానే చూసి 12 ఇస్తుంది. ఎస్‌హెచ్‌ఆర్ మిగిలిన ముక్కలను కూడా జత కట్టి 16 ఇస్తుంది. ఒక్కో డిస్కు కొనుక్కుంటూ పెంచుకునే ఇంటికి ఇది హాయి.

పాత కంప్యూటర్‌ను నాస్‌గా మార్చుకునేవాళ్లు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే సాఫ్ట్‌వేర్) వైపు చూస్తారు. దాని గొప్పతనం చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో పట్టుకునే సరిచూపు అంకె. మామూలు అద్దంలో రెండు నకళ్లు వేరువేరుగా కనిపిస్తే ఏది సరైనదో డబ్బాకు తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు తెలుస్తుంది, చెడినదాన్ని మంచిదాంతో సరిచేస్తుంది. ఒకప్పుడు దాని సొంత పారిటీ పద్ధతి రెయిడ్-జెడ్‌కు తర్వాత ఒక్క డిస్కు కలపడం కుదిరేది కాదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఆ ఇబ్బంది తీరింది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లోనూ చెక్‌సమ్ ఉంది, కానీ దాని సొంత రెయిడ్ 5, 6 జోలికి పోవద్దు. దాన్ని తయారు చేసేవాళ్లే తమ పత్రాల్లో వద్దంటున్నారు. సినాలజీ కింద లైనక్స్ రెయిడ్ పెట్టి దాని పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడుతుంది కాబట్టి అక్కడ ఆ భయం లేదు.

అడుగు 4: ఖాళీ రోజులు లెక్కేయండి

డిస్కు పోయిన క్షణం నుంచి రీబిల్డ్ ముగిసేదాకా ఉన్న కాలాన్ని నేను ఖాళీ రోజులు అంటాను. అందులో రెండు భాగాలు. కొత్త డిస్కు చేతికి రావడం ఒకటి, రీబిల్డ్ ఒకటి.

రీబిల్డ్ లెక్క సులువు. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ నిండడానికి ఏడున్నర గంటలు, 8 టీబీకి పదిహేను గంటలు. ఇది డబ్బా మీద ఎవరూ పని చేయనప్పటి మాట. ఎడిటింగ్ నడుస్తుంటే రెండింతలు కావచ్చు. ఇక డిస్కు చేతికొచ్చే భాగం మన ఊరి సంగతి. నల్లగొండ క్లాక్ టవర్ చుట్టూ తిరిగితే సీసీటీవీ డిస్కులు, ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు దొరుకుతాయి, మనకు కావాల్సిన సైజు నాస్ డిస్కు ఆ రోజే దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు. దేవరకొండ, అచ్చంపేట, గద్వాల అయితే ఇంకో రోజు కలుపుకోండి.

కాబట్టి నా లెక్కలో మొదటి ఖర్చు ఒక అదనపు డిస్కు. సీలు తీసి, ఒకసారి పూర్తిగా పరీక్షించి, మళ్లీ కవర్లో పెట్టి అల్మారాలో ఉంచాలి. అది ఉంటే నాలుగు రోజుల గండం ఒక రాత్రికి దిగుతుంది. పరీక్షించకుండా దాచొద్దు, అవసరమైన రోజు అదే చెడిపోయి ఉంటే ఎవరిని అడుగుతాం?

రెయిడ్ 5 పనికిరాదని చెప్పేవాళ్లు ఒక లెక్క చూపిస్తారు. చాలా మామూలు డిస్కులకు కంపెనీ ఇచ్చే హామీ, పది పక్కన మరో పదమూడు సున్నాలు పెట్టినన్ని బిట్లు చదివితే ఒక్కచోట చదవలేకపోవచ్చు అని. అది 12.5 టీబీ. నాలుగు 4 టీబీల రెయిడ్ 5లో రీబిల్డ్‌కు 12 టీబీ చదవాలి, కాబట్టి ఎక్కడో తప్పు రావాల్సిందే అంటారు. ఆ అంకె హామీకి పైహద్దు మాత్రమే, ఆరోగ్యంగా ఉన్న డిస్కులు దానికంటే బాగానే చదువుతాయి. అయినా దారి అటువైపే ఉంది: డిస్కు ఎంత పెద్దదైతే రీబిల్డ్ అంత పొడుగు, అంత గండం. 4 టీబీ వరకు, అల్మారాలో స్పేర్ ఉంటే, రెయిడ్ 5 పెట్టుకోమంటాను. 8 టీబీ, ఆ పైన అయితే రెయిడ్ 6 లేదా అద్దాలు.

అడుగు 5: డిస్కులు కొనేటప్పుడు

డిస్కులో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాల రాత ఉంటుంది. సీఎంఆర్‌లో డేటా రాసే ట్రాకులు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో అవి ఇంటి పెంకుల్లా ఒకదాని మీదకు ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. రోజూ చిన్నచిన్న పనులకు తేడా తెలియదు. రీబిల్డ్‌లో గంటల తరబడి ఆపకుండా రాయాల్సి వచ్చినప్పుడు చతికిలబడుతుంది, ఒక్కోసారి డబ్బా దాన్ని పోయిన డిస్కు కింద లెక్కేసి బయటికి తోసేస్తుంది. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కుల్లోనూ ఎస్‌ఎంఆర్ ఉందని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. కొనే ముందు మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ స్పెసిఫికేషన్ పత్రంలో చూసుకోండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ సీఎంఆర్ రకాలు.

డెస్క్‌టాప్ డిస్కు ఎందుకు వద్దంటే, ఒకచోట చదవలేకపోతే అది పట్టు వదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తూ ఉంటుంది. నాస్ డిస్కు ఏడు సెకన్ల దగ్గర చాలించి, తప్పు వచ్చిందని డబ్బాకు చెప్తుంది. రెయిడ్ దగ్గర లెక్క ఉంది కాబట్టి ఆ ముక్కను అదే నింపుకుంటుంది.

అన్ని డిస్కులూ ఒకే పెట్టెలోంచి, ఒకే తేదీవి తీసుకోకుండా ఉంటే మంచిది. ఒకే లోటు ఉంటే దగ్గరదగ్గరగా పోతాయి. వారంటీ భారతదేశానిదేనా అని సీరియల్ నంబరుతో కంపెనీ సైట్లో చూశాకే డబ్బులివ్వండి.

అడుగు 6: కరెంటు, ఎండ

పారిటీ రెయిడ్‌లో డేటా రాసి, దాని పారిటీ రాసేలోపు కరెంటు పోతే రెండింటికీ లెక్క కుదరదు. ఆ తప్పు అప్పుడు కనపడదు, రీబిల్డ్ రోజు బయటపడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ నాస్‌కు చెప్పదు. యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ చెప్తుంది, నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్నా దాని తర్వాత యూపీఎస్ పెట్టండి.

ఎండాకాలంలో నల్లగొండ 45 డిగ్రీల దాకా పోతుంది. రాత్రి షటర్ దించి ఏసీ ఆపేస్తే గది ఎలా ఉడుకుతుందో పొద్దున తెరిచినవాళ్లకు తెలుసు. డిస్కులకు కంపెనీలు చెప్పే పైహద్దు సాధారణంగా 60, 65 డిగ్రీలు. నేను మాత్రం 50 దాటితే మెసేజ్ వచ్చేలా పెడతాను. సజ్జ మీద, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన, దేవుడి ఫోటో కింద దీపం దగ్గర నాస్ పెట్టొద్దు. మూడోది నవ్వులాట కాదు, ఒక దుకాణంలో చూశాను.

అడుగు 7: డేటా పెట్టకముందే పరీక్ష

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను మొదట పెట్టిన డబ్బాలో రెండో డిస్కు పోయిందని తెరమీద చూసి, ఎడమ నుంచి కాకుండా కుడి నుంచి లెక్కబెట్టి, మంచి డిస్కును నడుస్తుండగానే లాగేశాను. మొత్తం వాల్యూమ్, అంటే డిస్కులన్నీ కలిపి చేసిన నిల్వ, కూలింది. బ్యాకప్ ఉండబట్టి రెండు రోజుల పనితో బయటపడ్డాను. అప్పటి నుంచి ప్రతి ట్రే ముందు డిస్కు సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి అంటిస్తాను. పేరుతో, నంబరుతో కాదు, సీరియల్ చూసే డిస్కు తీయాలి.

కొత్త డబ్బాలో కొన్ని పనికిరాని ఫైళ్లు వేసి, ఒక డిస్కు లాగి చూడండి. బీప్ వచ్చిందా, ఫోన్‌కు మెసేజ్ వచ్చిందా, ఫైళ్లు తెరుచుకుంటున్నాయా? మళ్లీ పెట్టి రీబిల్డ్‌కు ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసుకోండి. నెలకోసారి స్క్రబ్ (డిస్కులన్నీ చదివి సరిచూసే పని) నడిచేలా షెడ్యూల్ పెట్టండి, ఎవరూ తెరవని పాత ఫైళ్లను కూడా అది చదివి చూస్తుంది. ఫైళ్లు అప్పటికి ఎలా ఉన్నాయో గుర్తుంచే స్నాప్‌షాట్లు ఉంటే ఆన్ చేయండి, పొరపాటు డిలీట్లకు అదే మందు.

అడుగు 8: బ్యాకప్

బయట తగిలించే డిస్కులు రెండు కొనండి. ఒకటి ఈ వారం దుకాణంలో, ఇంకోటి ఇంట్లో, వచ్చే వారం మార్చండి. క్లౌడ్ మంచిదే, కానీ సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్‌తో 4 టీబీ ఎక్కడానికి ఆపకుండా ఏడున్నర రోజులు పడుతుంది. కాబట్టి క్లౌడ్‌లోకి లెక్కల ఫైళ్లు, తయారైన ఆల్బమ్‌లు మాత్రమే పంపండి.

చేతిలో ఉన్న డబ్బుకు నాలుగు బేల రెయిడ్ 5 ఒక్కటే వస్తుందా, లేక రెండు బేల అద్దం, ఒక స్పేర్, రెండు బ్యాకప్ డిస్కులు వస్తాయా అంటే రెండోదే కొనమంటాను. టాక్స్ సార్‌కు అదే పెట్టాం, 4 టీబీలతో. మిర్యాలగూడ స్టూడియో ఇప్పుడు రెయిడ్ 10 మీద నడుస్తోంది. అదే ఊళ్లో ఒక రైస్ మిల్లువాళ్లు సీసీటీవీకి కూడా రెయిడ్ కావాలన్నారు. నెల తిరిగితే తనంతట తానే చెరిగిపోయే వీడియోకు అంత ఖర్చెందుకని ఒక్క సీసీటీవీ డిస్కుతో సరిపెట్టాను.

బీప్ వచ్చిన రోజు

రీస్టార్ట్ చేయొద్దు. తెర మీద నుంచి బీప్ ఆపండి, పోయిన డిస్కు సీరియల్ రాసుకోండి. రీబిల్డ్ కంటే ముందు, ఈ వారం పని మొత్తం బయటి డిస్కులోకి నకలు తీయండి, ఎందుకంటే మిగిలిన డిస్కులకు అసలు పరీక్ష రీబిల్డే. తర్వాత స్టిక్కర్ చూసి ట్రే తీసి, అల్మారాలోని డిస్కు బిగించండి. తెర మీద రిపేర్ అన్నదాన్నే నొక్కాలి. కొత్త వాల్యూమ్ చేయమంటారా, ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే చేయి వెనక్కి తీసుకోండి. సాయంత్రం అందరూ వెళ్లాక మొదలుపెడితే తెల్లారేసరికి లైట్లు ఆకుపచ్చగా ఉంటాయి. అప్పుడు ఇంకో స్పేర్ డిస్కుకు ఆర్డర్ పెట్టండి.